రేటు తగ్గిస్తే బొటనవేలు ఓర్చుకుంటుందా?

బెంగళూరు మారతహళ్లి వైపు వెళ్తే వీధికొక స్పా కనిపిస్తుంది. ఇవికాక కేరళ ఆయుర్వేద కేంద్రాలు, ఫోనులో బుక్ చేస్తే ఇంటికే మనిషిని పంపే యాప్‌లు. మదనపల్లె నుంచి వచ్చి ఒంటరిగా మసాజ్ పని చేసుకుంటున్న ఒకావిడ నాకు తెలుసు. ఈ పోటీకి భయపడి రేటు సగానికి తగ్గించారు. కస్టమర్లు పెరిగారు. మూడో వారానికి కుడిచేతి బొటనవేలి కీలు వాచి, ఇంట్లో సంగటి కెలకడం కూడా ఆవిడవల్ల కాలేదు.

కిరాణా కొట్టువాళ్లు లాభం తగ్గించుకుని రెట్టింపు సరుకు అమ్మగలరు. మర్దనలో సరుకంటే చేతి సత్తువే, దానికి రోజుకింతని హద్దుంది. ముంజేతితో, ఒంటి బరువుతో నొక్కడం నేర్చుకుంటే బొటనవేళ్లకు కొంత ఊరట దొరుకుతుంది. అయినా గిరాకీ రెట్టింపు చేసుకుని సగం రేటును పూడ్చుకోవడం కుదరదు. రాయితీల భారం మోయడానికి యాప్ కంపెనీకి పెట్టుబడి ఉంటుంది, ఈవిడకు ఉన్నవి రెండు చేతులే.

మరి దేనితో నిలబడాలి? తెలివిడితో అంటాను. చేయి వేసే ముందు నాలుగు ప్రశ్నలడగాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే దాన్ని తాకకూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. గంటల తరబడి కుర్చీలో కదలకుండా పనిచేసేవాళ్లున్న ఊళ్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. ‘ముందు డాక్టరుకు చూపించుకోండమ్మా’ అని ఆ రోజు డబ్బు వదులుకున్న మనిషిని ఆ ఇంటివాళ్లు మరిచిపోరు.

ఇంకొకటుంది. కాన్పయిన కూతురి దగ్గరికి ఊరినుంచి వచ్చిన తల్లి, బాలింతకు నూనె రాసి, బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోసే మనిషి కోసం వెతుకుతుంది. తెలుగులో ‘ఎక్కడ లాగుతోందమ్మా’ అని అడిగి చేసేవాళ్లు దొరికితే రేటు బేరం రెండో మాట.

కర్ణాటక 2025లో గిగ్ కార్మికులకు, అంటే యాప్‌ల ద్వారా పని అందుకునేవాళ్లకు, చట్టం తెచ్చింది. యాప్ కంపెనీలనుంచి సంక్షేమ రుసుము వసూలవుతుంది, కారణం చెప్పకుండా పనిలోంచి తీసేయడం కుదరదు. మంచిదే. కానీ ఏ యాప్‌లోనూ లేని ఈవిడకు అది వర్తించదు. వేలికి కట్టుతో పది రోజులు ఇంట్లో కూర్చుంటే ఆ పది రోజుల సంపాదన ఎక్కడినుంచీ రాదు. రేటు తగ్గించవద్దని ఆవిడతో గట్టిగా చెప్పింది అందుకే.