నాకితే పుండు మానుతుందా? ఆ మెసేజ్‌కి జవాబు

వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: జంతువులు ఏ ఆసుపత్రికీ వెళ్లకుండా గాయాలు నాకి మాన్పుకుంటాయి. కుక్క నోరు మనిషి నోటికన్నా శుభ్రం. దాని లాలాజలంలో మందు ఉందని కనిపెట్టినవాళ్లకి నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి మీ కుక్క మీ పుండు నాకితే ఆపకండి. కరిస్తేనే ఇంజెక్షన్, నాకితే అక్కర్లేదు.

ఆ చివరి ముక్క లేకపోతే నవ్వుకుని ఊరుకునేవాణ్ని.

ముందు నోబెల్ సంగతి. 1986లో రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకి వైద్యంలో బహుమతి వచ్చిన మాట నిజమే. కణాలు పెరగడానికి తోడ్పడే ప్రోటీన్లను కనిపెట్టినందుకు ఇచ్చారు. అవి చుంచెలుకల లాలాజల గ్రంథుల్లో పుష్కలంగా దొరికాయి. ఆ గ్రంథులు తీసేసిన చుంచెలుకల్లో గాయాలు నెమ్మదిగా మానాయని తర్వాతి ప్రయోగాల్లో చూశారు కూడా. సరే. కానీ ఎలుక గ్రంథిలోంచి శుద్ధిచేసి తీసిన ప్రోటీన్‌కీ, ఇప్పుడే చెత్తకుండీ కెలికొచ్చిన కుక్క సొంగకీ పోలికేమిటి? లాలాజలంలో సూక్ష్మజీవుల్ని చంపే లైసోజైమ్ ఉందంటారు. ఉంది. పెన్సిలిన్ కన్నా ముందే ఫ్లెమింగ్ దాన్ని కనిపెట్టాడు. అది కన్నీళ్లలోనూ ఉంది, కోడిగుడ్డు తెల్లసొనలో ఇంకా ఎక్కువుంది. పుండు మీద గుడ్డు కొట్టుకోమని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరేం?

ఇక జంతువులు నాకి మాన్పుకుంటాయన్న మాట. చేతుల్లేని జీవికి చాలా పనులు నాలుకే చెయ్యాలి. ఆవు గడ్డిని నాలుకతో చుట్టి లాగుతుంది, పుట్టిన దూడని నాకి తడి ఆర్పి, ఊపిరీ రక్తప్రసరణా పుంజుకునేలా చేస్తుంది. పిల్లి నాలుక మీది గరుకు ముళ్ల కొసలు బోలుగా ఉండి, ఉమ్మిని వెంట్రుకల మొదళ్లదాకా చేరవేస్తాయి. కుక్క ఎండలో నాలుక వేలాడేసి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాయమైతే మట్టీ చీమూ తుడిచేదీ అదే. సబ్బూ నీళ్లూ లేని చోట ఆపాటి శుభ్రం లాభమే. కుక్క లాలాజలం ఈ-కోలై లాంటి ఒకటి రెండు రకాల బ్యాక్టీరియాని కొంత చంపుతుందని పరీక్షల్లో తేలింది కూడా. అయితే పశువుల డాక్టరు కుట్లేశాక కుక్క మెడకి ఆ గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ ఎందుకు తొడుగుతారు? వదిలేస్తే కుట్లు ఊడేదాకా నాకుతుంది కాబట్టి. కొన్ని కుక్కలు ముందుకాలు మీద ఒకేచోట నాకీ నాకీ లేని పుండు తెచ్చుకుంటాయి. నాకినా మానక ఏ తుప్పల్లోనో చచ్చిపోయినవి మన కళ్లబడవు, బతికినవే కనబడతాయి.

కుక్క నోరు శుభ్రమన్నది ఒట్టిమాట. దాని నోటి సూక్ష్మజీవులు వేరు, మనవి వేరు, అంతే. కాప్నోసైటోఫాగా అనే బ్యాక్టీరియా చాలా కుక్కల నోళ్లలో ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. ప్లీహం తీసేసినవాళ్లకీ, బాగా తాగేవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ అది రక్తంలో చేరితే ప్రాణం మీదికొస్తుంది. షుగరున్నవాళ్లలో కొందరికి అరికాలి పుండు నొప్పే తెలియదు, కుక్క నాకుతున్నా కాలు వెనక్కి తీసుకోరు.

అసలు ప్రమాదం ఆ చివరి ముక్కలోనే ఉంది. రేబిస్ వైరస్ ఉండేది లాలాజలంలో. అది ఒంట్లోకి దిగడానికి పన్నే గుచ్చుకోవాలని లేదు, తెగిన చర్మం చాలు, కన్నూ నోరూ చాలు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ చర్మం తెగినచోట నాకడాన్ని లోతైన కాటుతో సమానంగా, అన్నిటికన్నా ప్రమాదకరమైన మూడో కేటగిరీలో పెట్టింది. చర్మం ఎక్కడా తెగకుండా ఉంటే మాత్రం కడుక్కుంటే సరిపోతుంది, ఆ భయం అక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్‌లో వలలు లాగేవాళ్ల చేతులు, చేపలు కోసేవాళ్ల వేళ్లు చూడండి, ఎప్పుడూ ఏదో ఒక కోత ఉంటుంది. చుట్టూ కుక్కలు, పిల్లులు. ఈ మెసేజ్ అక్కడికి చేరితే ఏమవుతుందో ఆలోచించండి.

"మా కుక్క హుషారుగానే ఉంది కదా" అనొద్దు. జబ్బు లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజుల ముందునుంచే లాలాజలంలో వైరస్ ఉండొచ్చు. తెగినచోట నాకితే ధారగా నీళ్లు పడనిస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు. ఆ రోజే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని మరో ప్రభుత్వాసుపత్రికో వెళ్లి, నాకిన సంగతి, మీ కుక్కకి ఏ టీకాలు వేయించారో చెప్పాలి. మూడో కేటగిరీ అని తేలితే టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) ఎక్కిస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా వేసే మొదటి రోజుని సున్నాగా లెక్కేసి 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కుక్కని పది రోజులు గమనించడం మంచిదే, కానీ అందుకోసం మొదటి డోసు ఆపకూడదు.

నాకి రెండు వారాలైపోయిందే అనేవాళ్లు కూడా వెళ్లండి. లక్షణాలు మామూలుగా ఒకటి నుంచి మూడు నెలల్లో మొదలవుతాయి, ఈలోగా ఎప్పుడు వెళ్లినా టీకా వేస్తారు. లక్షణాలు వచ్చాక ఏ ఆసుపత్రీ దాదాపు ఏమీ చెయ్యలేదు.