రెండో స్కాన్ సంగతి కూడా రాయాల్సింది
పిల్లలకి సీటీ స్కాన్ (ఎక్స్‌రేలతో ఒంటి లోపలి బొమ్మలు తీసే పరీక్ష) తీసేముందు ‘ఇది తప్పదా, అల్ట్రాసౌండ్‌తో తేలదా’ అని తల్లిదండ్రులే డాక్టర్ని అడగాలని మీ వ్యాసంలో రాశారు, బాగుంది. కానీ మా పర్లాకిమిడి వైపు అసలు చిక్కు మొదటి స్కాన్‌తో కాదు, రెండోదానితో. మా మేనల్లుడు మెట్ల మీంచి పడితే ఇక్కడ తలకి సీటీ తీశారు, శ్రీకాకుళం తీసుకెళ్తే అక్కడ ఆ ఫిల్మ్ కవరు కూడా విప్పకుండా మళ్లీ తీయాలన్నారు, మా అక్క గట్టిగా పట్టుబడితే గానీ ఆ స్కాన్ బొమ్మలున్న సీడీ పెట్టి చూడలేదు, చూశాక అక్కర్లేదని వాళ్లే అన్నారు! తలకి ఒక్క సీటీ అంటే ఒంటికి సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్‌ని కొలిచే లెక్క) రేడియేషన్, ఛాతీ ఎక్స్‌రేలు పదుల కొద్దీ తీసినట్టే. ఎంత రేడియేషన్ డోసు పెట్టాలో పిల్లాడి బరువు, వయసు బట్టి తగ్గించుకోవచ్చు, అదీ అడగండి. ఫిల్మ్ ఇచ్చి పంపేస్తుంటారు, సీడీ కూడా అడిగి తీసుకోండి.