డక్టు ఒక్కటే శుభ్రం చేస్తే దుమ్ము ఆగదు

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త విల్లాల్లో, పెద్ద ఫ్లాట్లలో చాలాచోట్ల ఏసీ గోడకు కనిపించదు. ఫాల్స్ సీలింగ్ పైన యూనిట్, దాని నుంచి గదులకు చల్లగాలి మోసే గొట్టం (డక్టు), గదికో గ్రిల్. బయట చూస్తే పునాదులకు పగిలే బండలు, టిప్పర్లు లేపే దుమ్ము, వానలు పడ్డాక ఖాళీ ప్లాట్ల నిండా పూసే వయ్యారిభామ. ఈ ఇళ్లనే చూసుకుని డక్ట్ క్లీనింగ్ ప్యాకేజీలు అమ్ముతున్నారు. కొన్ని ఇళ్లకు ఆ పని అవసరమే. చేసే పద్ధతితోనే పేచీ.

మన దగ్గర చాలా ఇళ్లలో రిటర్న్ గాలికి వేరే డక్టు ఉండదు. గదిలో గాలి గ్రిల్ గుండా ఫాల్స్ సీలింగ్ పైకి వెళ్లి, ఆ ఖాళీలోంచే యూనిట్‌లోకి చేరుతుంది. ఇంటీరియర్ పని నాటి జిప్సం పొడి, ప్లైవుడ్ పొట్టు, స్లాబుకు డ్రిల్లింగ్ చేసినప్పుడు రాలిన సిమెంటు అన్నీ అక్కడే ఉంటాయి. ట్రాప్ డోర్ తీసి టార్చి వేస్తే యూనిట్ నెత్తిన వేలితో గీత గీయొచ్చు. అది వదిలేసి డక్టు తోమితే, ఏసీ వేసిన మర్నాటి నుంచి మళ్లీ అదే పొడి లోపలికి పోతుంది.

కాబట్టి మొదట సీలింగ్ పైన వ్యాక్యూమ్ పట్టాలి. ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ దించాక గ్రిల్స్‌ను ప్లాస్టిక్ షీటు, టేపుతో మూసి, యూనిట్ దగ్గర డక్టుకు పెద్ద వ్యాక్యూమ్ బిగించాలి. అది గాలిని లాగుతూ ఉండగా, దూరపు గ్రిల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరుస్తూ బ్రష్ తిప్పుకుంటూ యూనిట్ వైపు రావాలి. వ్యాక్యూమ్ లేకుండా బ్రష్ తిప్పితే దుమ్ము పోయేది మంచం మీదికే. చివరగా గాలిని చల్లబరిచే కాయిల్, గాలిని తోసే బ్లోయర్, నీళ్లు పట్టే డ్రెయిన్ ట్రే. ముక్కిపోయిన వాసన సాధారణంగా ఇక్కడిదే: తడి కాయిల్‌కు అంటిన దుమ్ము బురదై ట్రేలో పాచి కడుతుంది, పైపు మూసుకుపోతుంది, సీలింగ్‌కు గోధుమ రంగు మరక దిగుతుంది. మూడు బెడ్‌రూముల ఇంటికి సగం రోజైనా పట్టే పని ఇది. ముప్పావు గంటలో ముగించారంటే గ్రిల్స్ తుడిచి వెళ్లారన్నమాట.

జింకు పూత ఉన్న జీఐ రేకు డక్టు బ్రష్‌కు తట్టుకుంటుంది. ఫ్లెక్సిబుల్ డక్టు చిరిగిపోతుంది, చల్లగాలి సీలింగ్‌లోనే కారిపోతుంది. లోపల గ్లాస్‌వూల్ పొర ఉంటే గట్టిగా తోమకూడదు, పీచు లేచి గదిలోకి వస్తుంది. తడిసి బూజు పట్టిన పొరనైతే మార్చాల్సిందే. పైన కొట్టే సువాసన మందు వద్దనండి, పీల్చేది మీ పిల్లలే.

డక్టు శుభ్రతతో జబ్బులు తగ్గుతాయని రుజువు కాలేదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్పష్టంగానే చెబుతోంది. కంటికి కనిపించే బూజు, ఎలుకలు, గ్రిల్ నుంచి రాలే పొడి: ఇవి ఉంటే చేయించే విషయం ఆలోచించమంటుంది. ఆస్తమా తగ్గుతుందని చెప్పి ఏటా ప్యాకేజీ అంటగట్టడం అన్యాయం. పుప్పొడి ఎక్కువగా వచ్చేది కిటికీల్లోంచి, బట్టల మీద నుంచి. యూనిట్‌లోని నైలాన్ జాలీకి వెంట్రుకలు, ముతక దుమ్ము తప్ప చిక్కవు. అలాగని దట్టమైన ఫిల్టర్ పెట్టేస్తే గాలి తగ్గి కాయిల్‌కు మంచు పట్టొచ్చు. ఫ్యాన్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో మెకానిక్ చేత చూపించుకున్నాకే మార్చండి. జాలీని మాత్రం దుమ్ము కాలంలో రెండు వారాలకోసారి కడగాలి.

పని మొదలుపెట్టక ముందే డక్టు లోపల ఫొటో తీయించండి, డబ్బు ఇచ్చే ముందు అదే చోట మళ్లీ తీయించండి. పని కోసం డక్టుకు కోసిన రంధ్రాలకు రేకు బిగించి, పైన ఇన్సులేషన్ అంటించారో లేదో చేత్తో తడిమి చూడండి. ఇంటీరియర్ పని ఇంకా నడుస్తున్న ఇళ్లలో గోడలకు ఎమరీ పట్టే రోజు నుంచే గ్రిల్స్ మూసి, ఏసీ ఆపేయించండి.