బూస్టరు వారింటి కాఫీ

మానవజాతి ప్రగతిని మనసారా అభినందిస్తున్నాను. 2020 నవంబరులో మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్వీ-సీ49 రాకెట్ లక్సెంబర్గ్ సంస్థవి నాలుగు ఉపగ్రహాలను మోసుకెళ్లింది, భూమ్మీది రేడియో తరంగాలను చెవులు రిక్కించి వినడానికి. ఒకే తరంగం ఈ జాతి ఉపగ్రహాల్లో ఒక్కోదానికి మైక్రోసెకన్ల తేడాతో చేరుతుంది. ఆ తేడాను లెక్కగట్టి అది ఎక్కడ పుట్టిందో చెప్పేస్తారు. ఉనికి తెలిపే పరికరాన్ని ఆపేసి దొంగదారిన పోయే ఓడను దాని రాడారు తరంగాలే పట్టిస్తాయి.

శ్రీకాకుళంలో మా వీధిలోని బూస్టరు, అంటే ఫోను సిగ్నల్ పెంచే పెట్టె, మాత్రం అంత గొప్ప చెవులకు ఆనదు. ఆకాశాన్ని తప్పుపట్టను. నేలమీద జీతాలు తీసుకునే చెవులకూ ఆనడం లేదు, అదీ తమాషా.

ఎదురింటాయన చాలా మంచివారు. ఇంట్లో సిగ్నల్ అందడం లేదని ఆన్‌లైన్‌లో బూస్టరు తెప్పించి మేడమీద ఇనుప గొట్టానికి కట్టారు. అనుమతి లేకుండా పెట్టకూడదని అమ్మినవాడు చెప్పలేదు. అది రాత్రింబవళ్లు టవరు చెవిలో రొద పెడుతుంది. ఆ రొదలో మా ఫోన్ల గొంతు టవరుకు వినబడదు. అరసవల్లి స్వామి పాదాలను సూర్యకిరణాలు ఏడాదికి రెండు మార్లు, మార్చిలోను అక్టోబరులోను తాకుతాయి. మా ఫోన్లకు ఆ మాత్రం భాగ్యమూ లేదు.

ఫిర్యాదు చేయాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీకి సిగ్నల్ కావాలి. వీధి మొత్తానికి సిగ్నల్ ఉన్నది ఎదురింటి వసారాలోనే. కనుక ఐదుగురు పెద్దమనుషులం ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ఆయన వసారాలోనే కూర్చున్నాం. "రండి మాస్టారూ" అంటూ కుర్చీలు వేశారు. వారి ఆవిడ కాఫీ పంపారు (అంత చిక్కటి కాఫీ మా వీధిలో మరో ఇంట దొరకదు). నేను కళ్లజోడు మరిచిపోతే ఆ ఆరంకెలు ఆయనే చదివిపెట్టారు. "ఫిర్యాదు దేని గురించండీ?" "సిగ్నల్ గురించి." "బాగా చెప్పారు, ఈ కంపెనీలకు బుద్ధి రావాలి" అని తానూ ఒకటి పెట్టారు. మూడో రోజు జవాబు వచ్చింది, ఆ వసారాలోకే: మీ సమస్య పరిష్కరించడమైనది, ఫోను ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి.

పరిష్కరించారట! ఎవరు వచ్చారు? ఏ మేడ ఎక్కి చూశారు? నడిసముద్రంలో మునిగే పడవ పెట్టే కేకను ఉపగ్రహాలు వినాలని 406 మెగాహెర్ట్జ్ దగ్గర ఓ సన్నని పట్టీని ప్రపంచమంతా విడిగా ఉంచింది. అక్కడా ఎవరి పనికిమాలిన పరికరమో కూస్తూనే ఉంటుంది. భావనపాడు, కళింగపట్నం నుంచి వేటకు పోయినవాడి కేక ఆ కూతలో కలిసిపోతే అప్పుడూ ఇదే జవాబు పంపుతారా? అడ్డమైన సరుకునూ నిర్భయంగా అమ్మేవాడిని ఒక్కడిని పట్టుకోవడానికి రాకెట్ కావాలా?

పోయిన నెల అర్ధరాత్రి దాటాక మా పక్కింటి పెద్దాయనకు గుండెలో నొప్పి వచ్చింది. 108కి చేయబోతే ఐదు ఫోన్లలో ఒక్కటీ పలకలేదు. పరుగెత్తి ఎదురింటి తలుపు బాదాం. ఆయన నిద్రలేచి, లైటు వేసి, గడియ తీసేసరికి నాలుగు నిమిషాలు. మైక్రోసెకన్లు కాదు, నిమిషాలు.