కాలేయ పరిరక్షణలో నెల్లూరు పెద్దమనుషుల కృషి

నెల్లూరు ట్రంకు రోడ్డు వెంబడి పొద్దుగూకాక సమావేశమయ్యే పెద్దమనుషులంటే లోకానికి చిన్నచూపు. లివర్ పాడుచేసుకుంటున్నారని నింద. లివర్ గురించి వాళ్లంత టెన్షన్ పడేవాళ్లు జిల్లాలో ఇంకెవరున్నారు? ఆ టెన్షన్ తగ్గించుకోడానికే కదా రోజూ కూర్చునేది!

ఈమధ్య వాళ్లకి సెలీనియం అనే ఖనిజం దొరికింది. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన సీసా, ఒక్కో మాత్ర 200 మైక్రోగ్రాములు. అడ్డం వచ్చినవాళ్ల కోసం శాస్త్రం కూడా సిద్ధం చేసుకున్నారు. రవ్వంత సెలీనియం పెడితే ఎలుకల లివర్ కుళ్లిపోకుండా ఆగుతుందని 1957లో క్లాస్ ష్వార్జ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. నిజమే. కాకపోతే ఆ ఎలుకలు తాగి చెడినవి కావు. సెలీనియం, విటమిన్ ఇ లేని తిండి తిని చెడినవి.

మరి మన పెద్దమనిషి తిండికి ఏం లోటు? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి రోజుకి 40 మైక్రోగ్రాములు చాలు. వంద గ్రాముల రొయ్యల కూర తింటే దాదాపు అయిపోయినట్టే. కోడిగుడ్డులో ఓ 15 ఉంటుంది. చేపల పులుసు సంగతి నెల్లూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ మనం ఏం చేస్తాం? ఇందుకూరుపేట, కోట రొయ్యల చెరువుల్లో రాత్రంతా నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూసి, మంచి రొయ్యని ఐసు పెట్టి అమెరికాకి పంపుతాం. అదే ఖనిజం మాత్రగా మారి, అబ్బాయి సూట్‌కేసులో పచ్చళ్ల డబ్బాలు ఖాళీ అయిన చోట కూర్చుని తిరిగొస్తుంది. డాలర్లు వచ్చినట్టే వచ్చి పోయాయి. సముద్రం దాటి వచ్చిన గౌరవం మాత్రం సెలీనియానికి మిగిలింది.

‘సిరోసిస్ వచ్చి లివర్ గట్టిపడినవాళ్ల రక్తంలో సెలీనియం తక్కువంట గదన్నా, అందుకే ముందుజాగ్రత్త’ అంటారు సభ్యులు. తక్కువే. సెలీనియాన్ని ఒంట్లో మిగతా అవయవాలకి మోసుకెళ్లే ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేసేది లివరే. వంటమనిషి పడకేస్తే పెళ్లి విందులో విస్తళ్లు ఖాళీగా ఉంటాయి. విస్తరి మీద సాంబారు పోసినంత మాత్రాన వంటమనిషి లేస్తాడా?

మోతాదు ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్లు పెళుసెక్కి విరుగుతాయి. 2008లో అమెరికాలో ఒక సప్లిమెంటులో, సీసా మీద రాసినదానికి 200 రెట్లు సెలీనియం పడి 201 మంది జబ్బుపడ్డారు. రోజుకి 200 మైక్రోగ్రాముల చొప్పున ఏళ్ల తరబడి వాడినవాళ్లలో షుగర్ ఎక్కువ కనిపించిందని 2007లో ఒక అధ్యయనం చెప్పింది. షుగర్ వచ్చాక ఫ్యాటీ లివర్ ఎంత దూరం? ఇవేవీ సభ్యుల్ని కదిలించలేదు. నోట్లోంచి వెల్లుల్లి వాసన రావడం కూడా ఎక్కువైన లక్షణమే అని తెలిసినప్పుడు మాత్రం వాళ్ల మొహాలు వెలిగిపోయాయి. ఇంటికెళ్లాక బ్రాందీ వాసనకి అంతకన్నా అడ్డు ఏముంది?

లివర్ మీద ఈ జిల్లాలో జరిగిన అసలు ప్రయోగం వేరే ఉంది. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు రాత్రి బళ్లో అక్షరాలు నేర్చుకుని, ఆ చదువుతో మొదట చేసిన పని సారా అంగడి మూయించడం. చీపురు, కారప్పొడి తప్ప ల్యాబు లేదు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సర్కారే దాన్ని సడలించింది, ఖజానాకి రక్తహీనత వచ్చిందని. ఆ వైద్యంలో సైడ్ ఎఫెక్ట్స్ అన్నీ అంగడివాడికే గానీ తాగేవాడి లివర్‌కి ఒక్కటీ లేదు.

అయినా అది పాత పద్ధతి అని పెద్దమనుషులు తోసిపుచ్చారు. ప్రస్తుతం వాళ్ల ముందున్న చర్చ ఒక్కటే: మాత్ర మొదటి పెగ్గుకి ముందా, చివరి పెగ్గు తర్వాతా? ముందు అనే వర్గానికి మెజారిటీ ఉంది. తర్వాత అనేవాళ్లు చివరి పెగ్గు ఏదో ఇంకా తేల్చుకోలేదు.