గడ్డి లెక్కలోకి రాని అడవి

బదనిక అంటే ఏమిటో చిత్తూరు మామిడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొమ్మ మీద అది గుబురు కట్టిందంటే ఆ కొమ్మ కాపు మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఎరుగును కనుకే కత్తి పట్టి చెట్టెక్కుతాడు. అదే తీరున, కాకపోతే కొమ్మ మీద కాకుండా మట్టిలోపల, పక్క మొక్క వేరును కరచుకుని బతికే పూల మొక్కలు మన మెట్ట గడ్డి నేలల్లో ఉన్నాయి. స్ట్రైగా, సోపూబియా వంటి ప్రజాతులవి. స్ట్రైగా అయితే మహా అంటే జానెడు, మూరెడు. వానలకు మొలిచి, పూసి, ధూళి లాంటి విత్తనాలు రాల్చి పోతుంది. పచ్చటి ఆకులతో తన ఆహారం కొంత తానే వండుకుంటుంది. నీరు, లవణాలు మాత్రం పక్క గడ్డి వేరు నుంచి లాగుతుంది. అందుకే వీటిని పాక్షిక పరాన్నజీవులు అంటారు.

ఇంత చిన్న పువ్వు గురించి సంపాదకీయమా అని పాఠకులు అడగవచ్చు. శేషాచలం అనగానే మనకు ఎర్రచందనం దుంగలు, వాటిని నరికేవాళ్లు, పట్టుకునేవాళ్లు గుర్తొస్తారు. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన ఈ కొండల్లో కాపలా అంతా కలప చుట్టూనే తిరుగుతోంది. అది అవసరమే, కాదనం. కానీ చెట్టుకూ చెట్టుకూ మధ్య ఉన్న గడ్డిని మన వ్యవస్థ అడవిగా చూడటమే లేదు. చెట్ల కొమ్మలు నేలలో కనీసం 10 శాతాన్ని కప్పితేనే అటవీ విస్తీర్ణంగా లెక్కించడం భారత అటవీ సర్వే పద్ధతి. అటవీ భూమే అయినా అంతకు తగ్గితే పొదల నేల కింద రాస్తారు. ఊరి పక్క గడ్డి దిబ్బ అయితే రెవెన్యూ కాగితాల్లో బంజరు. బంజరు అని రాసుకున్న చోట ఏం చేస్తాం? గుంతలు తవ్వి మొక్కలు నాటుతాం, విత్తన బంతులు విసురుతాం, ఫొటోలు దిగుతాం.

నాటిన మొక్కలు బతికితే ఆ నీడన గడ్డి పలచబడుతుంది. గడ్డి పోయిన చోట దాని వేరు మీద బతికే పువ్వూ పోతుంది. దీన్ని ఊహగా కొట్టిపారేయడానికి లేదు. వేరే ఖండంలో ఇలాంటి పువ్వు ఒకటి దాదాపు చివరి అంచుదాకా వెళ్లి వచ్చింది.

అమెరికా పడమటి కొండల్లో, మైదానాల్లో కాస్టిల్లెజా అనే ప్రజాతి ఉంది. సుమారు 200 జాతులు, అన్నీ పాక్షిక పరాన్నజీవులే. మన కాగితం పువ్వులో మాదిరే రంగు చూపేది రేకులు కావు, వాటి కింది పత్రాలు. వీటిలో కాస్టిల్లెజా లెవిసెక్టా అనే పసుప్పచ్చ జాతి కెనడాలోని వాంకూవర్ దీవి నుంచి ఆరెగాన్ దాకా ఉన్న గడ్డి మైదానాల్లో పెరిగేది. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా పద్ధతి ప్రకారం గడ్డి కాలుస్తూ ఆ మైదానాలను మైదానాలుగా నిలిపారు. వలస వచ్చినవాళ్లు ఆ మంట ఆపేశారు, మిగిలిన నేలను దున్నారు, ఇళ్లు కట్టారు. పొదలు, డగ్లస్ ఫర్ చెట్లు కమ్ముకొచ్చాయి. ఆరెగాన్‌లో ఆ పువ్వు పూర్తిగా మాయమైంది. 1997లో దాన్ని ముప్పున్న జాతిగా అక్కడి చట్టంలో చేర్చేనాటికి పదో పన్నెండో చోట్ల మాత్రమే మిగిలింది. తర్వాత పాతికేళ్లపాటు పొదలు నరికారు, గడ్డిని అదుపుగా కాల్చారు, పువ్వుతోపాటు అది ఆనుకునే గడ్డినీ నారు పోసి నాటారు. చివరికి 2023లో ఆ జాబితా నుంచి దాని పేరు తీసేశారు. కాపాడిన ప్రతి చోటా చెట్లు పెంచడం కాదు, చెట్లు రాకుండా చూడటమే అక్కడి పని. మన ‘పచ్చదనం’ ఉత్సాహానికి ఇది కాస్త మింగుడుపడని సంగతి.

అదే కథలో వర్గీకరణ చిక్కు కూడా ఉంది. కాస్టిల్లెజా జాతులు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమవుతాయి, కొన్నిటిలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపవుతుంది. టేలర్ చెకర్‌స్పాట్ అనే అరుదైన సీతాకోకచిలుక కోసం అదే మైదానాల్లో కాస్టిల్లెజా హిస్పిడా విత్తనాలు చల్లారు. అది పసుప్పచ్చ జాతితో కలిసి సంకరాలు పుట్టాయి. ఏది అసలు, ఏది సంకరం అని తేల్చగలిగినవాళ్లు పక్కన ఉండబట్టి ఆ రెండిటినీ దూరంగా ఉంచే ఏర్పాట్లు చేసుకోగలిగారు. గుర్తుపట్టే కన్ను లేకపోతే ఒక ప్రాణిని కాపాడబోయి మరొకదాన్ని కలిపేసేవారు.

మన దగ్గర ఆ కన్ను ఏ స్థితిలో ఉంది? స్ట్రైగానే తీసుకోండి. రంగు చూసి జాతి చెబుదామంటే కుదరదు. స్ట్రైగా ఏషియాటికా ఆఫ్రికాలో ఎర్రగా పూస్తుంది, మన జొన్న చేలల్లో తెల్లగా పూస్తుంది. పువ్వు అడుగున ఉండే రక్షక పత్రాల గొట్టం మీద గీతలు లెక్కపెట్టాలి. డెన్సిఫ్లోరాకు ఐదు, ఏషియాటికాకు సాధారణంగా పది, అంగుస్టిఫోలియాకు పదిహేను. భూతద్దం, ఓపిక, శిక్షణ మూడూ కావాలి. పైగా కుటుంబమే మారిపోయింది. ఒకప్పుడు స్క్రోఫులారియేసీలో ఉన్న ఈ పాక్షిక పరాన్నజీవులను డీఎన్ఏ పరిశీలనల తర్వాత, ఇరవై ఏళ్లు దాటింది, ఒరోబాంకేసీలోకి మార్చారు. పొగాకు రైతును ఏడిపించే మల్లె కలుపు ఒరోబాంకీ కుటుంబమది. పాత చట్రం ప్రకారం సర్దిన హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) బీరువాలో వీటిని వెతికే విద్యార్థి తప్పు అర తెరిచి, లేవనుకుని వెళ్లిపోగలడు.

స్ట్రైగాను కాపాడమంటే జొన్న, చెరకు రైతులు నవ్వుతారని మాకు తెలుసు. చేలో అది శత్రువే, పీకాల్సిందే. దాని విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, ఆతిథ్యం ఇచ్చే వేరు విడిచే స్ట్రైగోలాక్టోన్ల వాసన తగిలితేనే మొలకెత్తుతుంది. అయితే ఆ రసాయనాలను శాస్త్రవేత్తలు మొదట పట్టుకున్నదే ఈ కలుపు గుట్టు విప్పబోయి. అవి మొక్కల కొమ్మలను అదుపుచేసే హార్మోన్లని 2008లో తేలింది. చేలోని ఒకటి రెండు జాతుల మీది కోపం గుట్ట మీది గడ్డిలో ఎవరి పంటకూ అడ్డురాని మిగతా జాతుల మీదకు పోకూడదన్నదే మా మాట. ఈ తేడా చెప్పాల్సింది వర్గీకరణ శాస్త్రమే.

తోడు వేరు లేకుండా బతుకు లేదన్న సంగతి మన రైతులకు కొత్త కూడా కాదు. శ్రీగంధం సైతం పాక్షిక పరాన్నజీవే. నర్సరీ సంచిలో దాని పక్కన కంది మొక్క పెడతారు, పొలంలో సరుగుడు లాంటి తోడు చెట్టు నాటుతారు. డబ్బు తెచ్చే చెట్టుకు ఇంత శ్రద్ధ ఉంది. పువ్వుకు మాత్రం అది ఏ గడ్డిని ఆనుకుందో కూడా రాసుకోం.

శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో హెర్బేరియం ఉంది. ఏర్పేడు దగ్గర కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. ఒకరి దగ్గర ఎండబెట్టిన నమూనాలు, మరొకరి దగ్గర డీఎన్ఏ చదివే విద్య. ఈ రెండు సంస్థలూ అటవీ శాఖతో కూర్చుని ఈ కుటుంబపు నమూనాలను తిరిగి పరిశీలించాలి. కొత్తగా సేకరించే ప్రతి నమూనా చీటీ మీద ఆతిథ్యం ఇచ్చిన మొక్క పేరు తప్పనిసరి చేయాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో ఉండాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో గడ్డి నేలలకు చోటివ్వాలి. మేకలు, గొర్రెలు కాసేవాళ్లను అడిగితే ఏ దిబ్బ మీద ఎప్పుడు ఏం పూస్తుందో చెబుతారు. వాళ్లను అడగటం చిన్నతనం కాదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట చోటు దక్కిన ఆరు మొక్కల్లో మన కొండల సైకస్ బెడ్డోమి ఒకటి. దానికి పేరుంది, బొమ్మ ఉంది, చూపించి చెప్పేవాళ్లున్నారు. గడ్డిలోని పూలకు ఆ స్థాయి రక్షణ ఇప్పుడే అడగటం లేదు. ముందు జాబితా కావాలి. అది వచ్చేదాకా సహజమైన గడ్డి నేలల్లో మొక్కలు నాటే లక్ష్యాలను జిల్లా యంత్రాంగం ఆపాలి. నాటాలనుకుంటే రోడ్ల పక్కన, బడుల్లో, పాడైన క్వారీల్లో కావాల్సినంత చోటుంది. ఇక సర్వే బృందాలు వాన పడగానే గుట్టెక్కాలి. పూత దాటితే గీతలు లెక్కపెట్టడానికి పువ్వుండదు, మళ్లీ ఏడాది ఆగాలి.