కటింగ్ ఎక్కడ చేయించుకోవాలి అని అడిగిన పిల్లలకు

అమెరికాకు కొత్తగా చదువుకోవడానికి వచ్చే తెలుగు విద్యార్థుల కోసం ఆగస్టులో మన తెలుగు సంఘం జరిపే స్వాగత సభ గురించి ఈ పత్రిక పాఠకులకు పరిచయం అక్కర్లేదు. ఈసారీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, లీజు కాగితాలు, కారు ఇన్సూరెన్సు అన్నీ వరసగా చెప్పారు. ప్రశ్నల సమయంలో ఒక కుర్రాడు లేచి, "ఇక్కడ కటింగ్ ఎక్కడ చేయించుకోవాలండీ?" అని అడిగాడు. వేదిక మీదున్న వలంటీర్ మైకులోనే జవాబు చెప్పారు: "నల్లోళ్ల షాపులకు మాత్రం పోకండి తమ్ముళ్లూ. ఏరియా బాగుండదు, మన జుట్టు వాళ్లకు తెలీదు. మన ఆంటీ ఒకావిడ ఇంట్లోనే చేస్తారు, నంబరు గ్రూపులో పెడతాం." హాలు హాలంతా నవ్వింది.

మూడో వరసలో మన సభ్యుల కుటుంబమే ఒకటి మనవడితో సహా కూర్చుని ఉంది. ఆ పిల్లాడి తండ్రి ఆఫ్రికన్ అమెరికన్. పిల్లాడికి తెలుగు శుభ్రంగా వచ్చు. అమ్మమ్మే నేర్పించింది. పులిహోర పొట్లాలు పంచకముందే వాళ్లు లేచి వెళ్లిపోయారు. తర్వాత ఆ కుటుంబం రాసిన ఉత్తరం కార్యవర్గం ముందుకు వస్తే, "సరదాగా అన్న మాట, ఉద్దేశపూర్వకం కాదు" అని మినిట్స్‌లో రాసి ఫైలు మూసేశారు. అది మూసేయాల్సిన ఫైలు కాదు.

ఆ కుర్రాడి ప్రశ్నలో ఉన్న బెరుకు నిజమైనదే, దాన్ని ఎవరూ తీసిపారేయకూడదు. కొత్త దేశంలో కటింగ్ షాపు తలుపు తీయడం చాలామందికి మొదటి ఇంటర్వ్యూ కంటే కష్టం. లోపలికి అడుగు పెట్టగానే అన్ని తలలూ ఇటు తిరుగుతాయి. తెల్లవాళ్ల పేటలోని సెలూన్‌లో కుర్చీ ఖాళీగా కనబడుతున్నా "ఈరోజు స్లాట్లు లేవు" అంటారు. అది నిజంగా అపాయింట్‌మెంట్ లేకపోవడమా, మన మొహం చూసి అన్నదా కొత్తవాడు తేల్చుకోలేడు. నల్లజాతి వాళ్ల షాపులో తనను చూసి మాటలు ఆగినట్టు అనిపిస్తుంది. ఆగకపోయినా అనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్నాక "ఏ నంబరు?" అని అడుగుతారు. ఊళ్లో "మీడియం అన్నా" అంటే సరిపోయిన వాడికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. తల ఊపుతాడు. జుట్టు పోతుంది. ఇక నాలుగు నెలలు రూమ్మేట్ ట్రిమ్మరే గతి.

ఈ బెరుకు పోగొట్టేది తెలివిడి. కాబట్టి సభలో చెప్పాల్సిన సంగతులు ఇక్కడ చెబుతాను.

నంబరు అంటే క్లిప్పర్‌కు తగిలించే గార్డు కొలత. ఒకటో నంబరు జుట్టును అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్లు ఉంచుతుంది. రెండు అంటే 6, మూడు అంటే 10, నాలుగు అంటే 13 మిల్లీమీటర్లు. ఎనిమిదో నంబరు పూర్తి అంగుళం. మన ఊరి "మీడియం" ఇక్కడి లెక్కలో దాదాపుగా పక్కలకు నాలుగు, పైన కత్తెరతో రెండు రెండున్నర అంగుళాలు, మెడ వెనక టేపర్, అంటే కిందికి పోయేకొద్దీ పొట్టిగా. మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగుతోనే మొదలుపెట్టమనాలి, అద్దంలో చూసుకుని కావాలంటే మూడుకు దిగాలి. పొరపాటున మరీ పొట్టిగా పోయినా దిగులు పడక్కర్లేదు. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది, ఒకటికీ మూడుకూ మధ్య తేడా రెండు వారాల్లో పూడిపోతుంది. నడినెత్తి సుడి దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ పైజుట్టును మరీ పొట్టిగా కత్తిరిస్తే నిక్కబొడుచుకుంటుంది, ఎంత నీళ్లు రాసినా పడుకోదు. సుడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, అక్కడ పొడవు ఉంచమని ముందే చెప్పాలి.

"మన జుట్టు వాళ్లకు తెలీదు" అన్న మాట సంగతి చూద్దాం. మనలో ఎక్కువమందిది ఒత్తయిన, నల్లటి, సాఫు జుట్టు, లేదంటే కాస్త అలలున్న జుట్టు. ఫేడ్ అంటే కింద దాదాపు నున్నగా మొదలై పైకి పోయేకొద్దీ పొడవయ్యే కటింగ్. అది చేసేటప్పుడు బార్బర్ చెవి పైనుంచి అరంగుళం ఎత్తున గార్డు లేని ఖాళీ బ్లేడుతో మొదటి గీత వేస్తాడు, ఆ పైన ఒకటో నంబరు పట్టీ, దాని పైన రెండు. రింగుల జుట్టులో ఈ పట్టీల మధ్య గీతలు కొంత కలిసిపోతాయి. సాఫు జుట్టులో దాగవు, ప్రతి గీతా మెట్టులా కనిపిస్తుంది. వాటిని చెరపడానికి మధ్య గార్డులు కావాలి: అర నంబరు 1.5 మిల్లీమీటర్లు, ఒకటిన్నర 4.5. క్లిప్పర్ పక్కనున్న లీవరును తెరుస్తూ మూస్తూ మణికట్టు బయటికి తిప్పుతూ పైకి లాగాలి. ఇది ఓపిక పని, ముప్పావుగంట పడుతుంది. ఈ పనిలో అందరికంటే ఎక్కువ సాధన ఉన్నది నల్లజాతి, లాటినో బార్బర్లకే, ఎందుకంటే వాళ్ల ఖాతాదారుల్లో చాలామంది వారం పది రోజులకోసారి ఫేడ్ కోసమే వస్తారు. మరోపక్క, పైన పొడవు జుట్టును దువ్వెన మీద కత్తెరతో తీర్చే పని సెలూన్ వాళ్లకు బాగా అలవాటు. నల్లజాతి షాపుల్లో అది బార్బర్‌ను బట్టి ఉంటుంది. అడగాల్సింది ఆ ప్రశ్న: "సాఫు జుట్టు మీద కత్తెర పని చేస్తారా? చేసిన ఫొటోలు చూపిస్తారా?" చాలామంది బార్బర్లు తమ పని ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. మన లాంటి జుట్టున్న తల అందులో ఒక్కటైనా కనబడితే నిశ్చింతగా వెళ్లొచ్చు.

లైనప్ దగ్గర ఒక హెచ్చరిక అవసరం. నుదుటి అంచున, చెంపల దగ్గర ట్రిమ్మర్‌తో గీసినట్టు సరిచేయడాన్నే లైనప్ అంటారు. మన నుదుటి మీద సన్నటి నూగు వెంట్రుకలు ఉంటాయి. గీత నిటారుగా రావాలని అవి తీసేస్తే నుదురు పైకి జరిగినట్టవుతుంది, కొద్ది రోజులకు ఆ చోట గరుకు మొలకలు లేస్తాయి. "ముందు అంచు వెనక్కి జరపొద్దు, సహజంగా ఉన్న గీతే శుభ్రం చేయండి" అంటే చాలు, ఏ బార్బరైనా అర్థం చేసుకుంటాడు. ఇంకో మాట: కొబ్బరినూనె పట్టించిన తలతో వెళ్లకూడదు. నూనెకు వెంట్రుకలు గుత్తులు కడతాయి, క్లిప్పర్ కొన్నింటిని వదిలేస్తుంది, బ్లేడులో ముద్దలు చేరతాయి. ముందు తల కడుక్కుని రమ్మంటే అది మన జాతి మీద చిరాకు కాకపోవచ్చు. ముందురోజు తలస్నానం చేసి, పొడి జుట్టుతో, జెల్ లేకుండా వెళ్లాలి.

నల్లజాతి షాపుల పద్ధతి తెలియక కూడా మనవాళ్లు తడబడతారు. చాలాచోట్ల ప్రతి బార్బరూ తన కుర్చీకి అద్దె కట్టుకుంటాడు. షాపు ఒకటే అయినా కుర్చీకో వ్యాపారం. లోపలికి వెళ్లగానే "ఎవరి కోసం?" అని అడుగుతారు. అది మనల్ని నిలదీయడం కాదు, ఎవరి వరసలో కూర్చోబెట్టాలో తెలుసుకోవడం. పేరు తెలియకపోతే, మొదటిసారి వచ్చానని, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఫర్వాలేదని చెప్పాలి. ఒక బార్బర్ దగ్గర కుదిరాక అదే షాపులో పక్క కుర్చీకి మారడం మర్యాద కాదు. శుక్ర, శనివారాలు కిక్కిరిసి ఉంటాయి. మంగళ, బుధవారాల పగలు వెళ్తే బార్బర్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది. సోమవారం చాలా షాపులకు సెలవు. టిప్ 20 శాతం ఇవ్వాలి. మనవాళ్లు ఇవ్వరన్న పేరు కొన్నిచోట్ల ఇప్పటికే ఉంది, దాని బరువు తర్వాత వచ్చే కుర్రాడి మీద పడుతుంది.

భద్రత గురించి అడిగేవాళ్లు చూడాల్సింది పేటను కాదు, అద్దం పక్కన తగిలించిన లైసెన్సును. కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో దానికి 1000 గంటల శిక్షణ కావాలి. దువ్వెనలు మునిగే నీలం ద్రవం బార్బిసైడ్. 32 ఔన్సుల నీళ్లకు 2 ఔన్సులు కలిపి, పనిముట్లను అందులో పది నిమిషాలు పూర్తిగా ముంచాలి. ద్రవం మురికిగా ఉన్నా, దువ్వెన సగమే మునిగినా ఆ షాపు వద్దు, అది ఎవరిదైనా సరే. ఇంట్లో కటింగ్ చేసే ఆంటీ గారి మీద ఎవరికీ కోపం లేదు. ఆవిడ ఆప్యాయత ఎందరికో తొలి నెలల్లో ఊరట. కానీ లైసెన్సు ఉందో లేదో కనుక్కోకుండా ఒకరిని వేదిక మీంచి సిఫారసు చేసి, లైసెన్సు ఉన్నవాళ్లను పేటను బట్టి కాదనడం సంఘం చేయాల్సిన పని కాదు.

ఈ దేశంలో కటింగ్ కుర్చీకి ఉన్న చరిత్ర మన పిల్లలకు ఎవరూ చెప్పరు. అలొంజో హెర్న్‌డన్ 1858లో జార్జియాలో బానిసగా పుట్టారు. అట్లాంటాలో పీచ్‌ట్రీ స్ట్రీట్ మీద పాలరాయి, షాండిలియర్లతో పెద్ద బార్బర్ షాపు నడిపారు. పని చేసేవాళ్లంతా నల్లజాతి వాళ్లు, కుర్చీలో కూర్చునేది తెల్లవాళ్లు మాత్రమే. తన షాపులో తన జాతివాడికి కటింగ్ చేస్తే తెల్లవాళ్లు రావడం మానేస్తారు. 1906 అల్లర్లలో తెల్ల మూకలు ఆ షాపు అద్దాలు పగలగొట్టాయి. 1926లో అట్లాంటా నగరం నల్లజాతి బార్బర్లు ఆడవాళ్లకూ పిల్లలకూ పని చేయకూడదని ఆర్డినెన్సు తెచ్చింది, కోర్టులో అది నిలవలేదు. 1964లో ఒహాయోలోని యెల్లో స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఒక తెల్ల బార్బర్ నల్లజాతి వాళ్లకు కటింగ్ చేయనన్నాడు. ఆయన చెప్పిన కారణం: వాళ్ల జుట్టు కత్తిరించడం నాకు రాదు. నిరసనకు దిగిన విద్యార్థుల మీద పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి, వందమందికి పైగా అరెస్టు చేశారు. మన వేదిక మీంచి వినబడినది ఆ కారణమే, కుర్చీకి ఇవతలి వైపు నుంచి.

హెర్న్‌డన్ షాపు కథ మనవాళ్లకు కొత్తగా అనిపించకూడదు. మన ఊళ్లలో నాయీబ్రాహ్మణులు పెళ్లికి సన్నాయి ఊదారు, డోలు కొట్టారు. ఆ ఇళ్ల ఆడవాళ్లు మంత్రసానులై మన తాతముత్తాతలను భూమ్మీద పడేశారు. అందుకు దక్కింది కళ్లంలో కొలిచే ధాన్యపు వాటా, మేర. దళితవాడ నుంచి వచ్చిన మనిషికి వాళ్లు కత్తెర పట్టకూడదు, పడితే పెద్ద కులాలు మేర ఆపేసేవి. పని చేసేవాడూ కింద ఉండాలి, ఇంకొకడు అసలు కుర్చీ ఎక్కకూడదు. పటిక ముక్కతో చెంప రుద్దుతూ ఊరి కబుర్లు చెప్పిన సెలూన్‌ను ఈ పత్రికలోనే ఎంతోమంది ప్రేమగా తలుచుకున్నారు. ఆ ప్రేమ నిజమే, ఆ గుమ్మం బయట నిలబెట్టిన వాళ్లు ఉన్నారన్నదీ నిజమే. అందుకే 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్, షాపు అంటే లోపలికి అడుగుపెట్టనివ్వడం ఒక్కటే కాదని, అక్కడ దొరికే సేవ పొందడమని వివరించారు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం షాపు నిర్వచనంలో హెయిర్ కటింగ్ సెలూన్‌ను పేరు పెట్టి చేర్చింది.

ఇక్కడ మనకే ఎవరైనా కటింగ్ నిరాకరిస్తే ఏం చేయాలన్నదీ పిల్లలకు చెప్పాలి. 1964 పౌరహక్కుల చట్టంలోని బహిరంగ స్థలాల జాబితాలో హోటళ్లు, రెస్టారెంట్లు, థియేటర్లు ఉన్నాయి కానీ బార్బర్ షాపు పేరు విడిగా లేదు, హోటల్ లోపల ఉంటే మాత్రం వర్తిస్తుంది. మిగతా షాపుల విషయంలో 1866 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన, జాతిని బట్టి ఒప్పందాలు కాదనకూడదనే సెక్షన్ 1981, చాలా రాష్ట్రాల సొంత చట్టాలు అక్కరకొస్తాయి. తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా రాసి పెట్టుకుని రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయాలి.

జనవరిలో స్ప్రింగ్ సెమిస్టర్ పిల్లలు దిగుతారు. అప్పటిలోగా కార్యవర్గం రెండు పనులు చేయాలని వేడుకుంటున్నాను. ఆ కుటుంబానికి సంఘం లెటర్‌హెడ్ మీద క్షమాపణ రాయాలి, దాన్ని అదే వేదిక మీద, అదే మైకులో, తెలుగులో చదవాలి. ఆ పిల్లాడు విన్నది తెలుగులోనే. రెండోది, మన ఊళ్లో మంచి పేరున్న నల్లజాతి బార్బర్‌ను ఒకరిని ఫీజు ఇచ్చి పిలవాలి. వేదిక మీద ఒక కుర్చీ వేసి, ఒత్తయిన సాఫు జుట్టున్న మన కుర్రాడిని కూర్చోబెట్టి, నాలుగో నంబరు నుంచి మొదలుపెట్టి చేసి చూపించమనాలి. ముప్పావుగంట పడుతుంది. కారు ఇన్సూరెన్సు వాళ్ల ప్రసంగానికి ప్రతిసారీ అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం.